రేడియోధార్మిక పదార్థాల భద్రతకు తాళాలు, గార్డులు చాలవా? ఇందులో దౌత్యం చేసేదేమిటి?

ప్రశ్న అడిగినవారు సివిల్స్‌కు చదువుతున్నానని రాశారు. వారి సందేహం క్లుప్తంగా ఇది: "యురేనియం, కోబాల్ట్ లాంటివాటిని కాపాడేది తుపాకీ పట్టిన గార్డు, తాళం, సీసీ కెమెరా. దేశాలు కూర్చుని సంతకాలు పెట్టే ఒప్పందాల వల్ల ఒక్క గ్రాము పదార్థమైనా భద్రమైన చోటికి చేరిందా? మాట తప్పితే శిక్షించేవారే లేనప్పుడు ఈ తతంగమంతా ఎందుకు?"

సూటిగా చెబుతాను. చేరింది, టన్నుల లెక్కన చేరింది. గార్డు కాపలా కాయగలిగేది చిట్టాలో ఉన్న వస్తువుకే. అది చిట్టాలోకి ఎక్కిందా, పని తీరాక దాన్ని ఎవరు వెనక్కి తీసుకోవాలి, తరలింపు ఖర్చు ఎవరు భరించాలి అనే మూడు సంగతులు గార్డు చేతిలో లేవు. దేశం లోపల వీటిని తేల్చేది విధానం. వస్తువు సరిహద్దు దాటిందంటే తేల్చాల్సింది దౌత్యం. నా ఉద్యోగంలో ఎదురైన తలనొప్పుల్లో తాళం పగలడం వల్ల వచ్చినవి దాదాపు లేవు. ఈ మూడింటిలో ఏదో ఒకటి తేలకపోవడం వల్ల వచ్చినవే అన్నీ.

నా సంగతి రెండు ముక్కల్లో. 29 ఏళ్లు రేడియేషన్ భద్రతాధికారిగా పనిచేశాను, మా వృత్తిలో ఆర్‌ఎస్‌ఓ అంటారు. మొదట విశాఖపట్నం చుట్టుపక్కల ఫ్యాబ్రికేషన్ యార్డుల్లో, తర్వాత ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో. దౌత్యవేత్తను కాను, అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఉండే వియన్నా ముఖం చూసినవాడినీ కాను. అక్కడ రాసిన వాక్యాలు మన దాకా వచ్చి లాగ్‌బుక్కులో గడులుగా ఎలా మారతాయో మాత్రం దగ్గరగా చూశాను.

ముందు రెండు రకాలను విడదీసుకోవాలి. పత్రికల్లో రెండింటినీ కలిపేసి రాస్తుంటారు. మొదటిది అణు పదార్థం, అంటే ప్లుటోనియం, బాగా శుద్ధి చేసిన యురేనియం. బాంబుకు పనికొచ్చేది ఇది. రెండోది రేడియోధార్మిక సోర్సు. కోబాల్ట్-60, సీజియం-137, ఇరిడియం-192, స్ట్రాన్షియం-90 ఈ కోవలోవి. వీటితో అణు విస్ఫోటనం జరగదు. మామూలు పేలుడు పదార్థానికి జతచేసి ఊళ్లో వెదజల్లితే మాత్రం ఆ వీధిని నెలల తరబడి ఖాళీ చేయించాల్సి వస్తుంది. డర్టీ బాంబు అంటున్నది దీన్నే. మొదటి రకం కోటల్లాంటి చోట్ల ఉంటుంది. రెండో రకం ఆసుపత్రి సెల్లారులో, రక్తనిధి గదిలో, పైపుల యార్డులో, విశ్వవిద్యాలయం ప్రయోగశాలలో ఉంటుంది.

మొదటి రకానికి కట్టుబడి తీరాల్సిన ఒప్పందం ఉంది. 1980 నాటి అణు పదార్థాల భౌతిక రక్షణ ఒప్పందం అది. అయితే అందులో రక్షణ నిబంధనలు ప్రధానంగా దేశాల మధ్య రవాణాకే పరిమితం. దేశం లోపల వాడకానికి, నిల్వకు, అణు కేంద్రాలకు వర్తించేలా 2005లో సవరించారు. ఆ సవరణ అమల్లోకి వచ్చింది 2016 మే 8న. మూడింట రెండు వంతుల సభ్య దేశాలు ఆమోదించడానికి పదకొండేళ్లు పట్టింది. మన దేశం 2007లోనే ఆమోదించి కూర్చుంది. దౌత్యం నత్తనడక అని మీరు విసుక్కుంటే నాకు అభ్యంతరం లేదు.

రెండో రకానికి అలాంటి కట్టుబాటు కూడా లేదు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ (ఐఏఈఏ) 2003లో ఒక ప్రవర్తనా నియమావళిని ఆమోదించింది, అంతే. పాటిస్తామని 130కి పైగా దేశాలు మాట ఇచ్చాయి. ఇది రాజకీయ హామీ మాత్రమే, చట్టపరంగా బంధించేది కాదు. చట్టబలం లేని ఈ కాగితమే నా రోజువారీ పనిని ఎక్కువగా మార్చింది. ఎందుకో తర్వాత చెబుతాను.

ఆ కాగితంతో పాటు వచ్చిన మంచి పద్ధతుల్లో సోర్సులను అపాయాన్ని బట్టి ఐదు వర్గాలుగా చూడటం ఒకటి. రక్షణ లేకుండా చేతికి చిక్కితే మనిషికి తీవ్రమైన హాని చేసే మోతాదును ప్రమాణంగా పెట్టుకుంటారు. దానికి వెయ్యి రెట్లు, అంతకు మించి ఉంటే మొదటి వర్గం. క్యాన్సర్ చికిత్స చేసే కోబాల్ట్ యంత్రం, రక్తానికి రేడియేషన్ ఇచ్చే ఇర్రేడియేటరు అందులోకి వస్తాయి. వెల్డింగ్ అతుకులను ఫొటో తీసే గామా కెమెరా రెండో వర్గం. ఇళ్లలో పొగను పసిగట్టే పరికరం ఐదో వర్గం. అంతకుముందు ఏదైనా "రేడియేషన్ వస్తువే", అన్నింటికీ ఒకటే భయం, ఒకటే నిర్లక్ష్యం.

ఆ గామా కెమెరా గురించి కొంచెం చెప్పాలి. చూడటానికి హ్యాండిల్ ఉన్న చిన్న పెట్టె. ఎత్తితే సుమారు ఇరవై కిలోలు ఉంటుంది. లోపలి ఇరిడియం బిళ్లలు మిరియపు గింజకన్నా చిన్నవి, 74 రోజులకోసారి వాటి బలం సగానికి పడిపోతుంది. చాలా కెమెరాల్లో వాటి చుట్టూ ఉండే కవచం సీసం కూడా కాదు, శుద్ధి కర్మాగారాల్లో మిగిలిపోయిన యురేనియం. సీసం కన్నా బాగా ఆపుతుందని వాడతారు. అంటే ఇరిడియం చచ్చిపోయినా పెట్టె మాత్రం యురేనియం లెక్కలోనే ఉంటుంది. ఖాళీ కెమెరాను పాత ఇనుము కింద అమ్మకూడదని కొత్త కుర్రాళ్లకు చెప్పడానికి నాకు ఈ ఒక్క సంగతి చాలేది.

యార్డులో కెమెరాను నేలలో తవ్విన సోర్సు పిట్‌లో ఉంచి మూత వేసి తాళం పెడతాం. తీసేటప్పుడు ఒక సంతకం, తిరిగి పెట్టేటప్పుడు రేడియేషన్ కొలిచే సర్వే మీటరు రీడింగుతో మరో సంతకం. ఒక రాత్రి ఒంటిగంటకు లాగ్‌బుక్కు తిరగేస్తే ఒక కెమెరా బయటికి వెళ్లిన సంతకం ఉంది, తిరిగి వచ్చిన గడి ఖాళీగా ఉంది. గుండె జారిపోయింది. నలుగురం తలో దిక్కుకు వెళ్లాం. తెల్లవారుజామున నాలుగింటికి దొరికింది. మా జీపే రోడ్డు పక్కన ఒక టిఫిను హోటలు ముందు ఆగి ఉంది, వెనక సీటు కింద కెమెరా, ముందు సీట్లో డ్రైవరు గాఢ నిద్ర. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ గడి లేకపోతే మాత్రం కెమెరా రాలేదన్న సంగతి మాకు ఉదయం పది దాకా తెలిసేది కాదు. ఆ గడి మా యజమాని ముచ్చటపడి గీయించింది కాదు. అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) లైసెన్సుకు పెట్టిన షరతు అది. మా కాలంలో ఆ షరతులకు ఆధారం 1962 నాటి అణుశక్తి చట్టం, దాని కింద 2004లో తెచ్చిన రేడియేషన్ రక్షణ నియమాలు. సోర్సు ఎక్కడుందో ఏ క్షణంలోనైనా చెప్పగలగాలి, దానికి బాధ్యుడైన మనిషి పేరు ఉండాలి అన్న ఆలోచన వియన్నా కాగితంలోనూ ఉంది, మా లాగ్‌బుక్కులోనూ ఉంది.

ఇప్పుడు అసలు చిక్కు: పని అయిపోయిన సోర్సు ఎవరిది?

ఆసుపత్రికి మారిన కొత్తలో ఒక రోజు స్టోర్సు నుంచి నా బల్ల మీదికి వేలం జాబితా వచ్చింది. ఎక్స్‌రే ఫిల్ములు కడిగే పాత తొట్టెకు నా సంతకం కావాలట. అలవాటు కొద్దీ కాగితమంతా చదివాను. పదకొండో వరుసలో "పాత యంత్రం – 1, సీసం ఎక్కువ" అని ఉంది. ఎదురుగా కిలో లెక్కన అంచనా ధర. కిందికి వెళ్లి చూస్తే అది కోబాల్ట్ యంత్రం. ఇరవై ఏళ్ల కిందట విదేశం నుంచి వచ్చింది. సోర్సు అక్కరలేని కొత్త చికిత్స యంత్రం, లీనియర్ యాక్సిలరేటరు, కొన్నాక దీన్ని గదిలో పెట్టి మరిచిపోయారు.

"అందులో ఇంకేముంటుంది సార్, ఎప్పుడో అయిపోయి ఉంటుంది" అన్నాడు స్టోర్సు గుమస్తా. అతని తప్పేమీ లేదు, బ్యాటరీలాగా అయిపోతుందని అనుకున్నాడు. లెక్క వేసి చూపించాను. కొత్తలో సుమారు 10,000 క్యూరీలు (క్యూరీ అంటే రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం). కోబాల్ట్ సగానికి తగ్గడానికి 5.27 ఏళ్లు పడుతుంది కాబట్టి ఇరవై ఏళ్లకు ఇంకా 700 పైచిలుకు క్యూరీలు మిగిలే ఉంటాయి. కవచం విప్పి బయటపెడితే మీటరు దూరంలో అరగంట నిలబడ్డ మనిషి ప్రాణం మీదికి వస్తుంది. ఆ లెక్కన అది మొదటి వర్గం నుంచి రెండో వర్గంలోకి అప్పుడే జారి ఉంటుంది. ఎదురుగా నిలబడ్డవాడికి ఆ తేడాతో పనిలేదు.

ఆ వరుసను ఎర్ర సిరాతో కొట్టేశాను. అసలు కథ అప్పుడు మొదలైంది. అమ్మిన సంస్థకే తిరిగి పంపుదామంటే కొనుగోలు ఒప్పందంలో "వాడకం ముగిశాక వెనక్కి తీసుకుంటాం" అన్న ఒక్క ముక్క లేదు. ఆ సంస్థ ఈ వ్యాపారాన్ని ఎప్పుడో మరొకరికి అమ్మేసుకుంది. కొన్నవారు "ఈ సోర్సు మా పుస్తకాల్లో లేదు" అన్నారు. బతిమాలి ఒప్పిస్తే కొత్త చిక్కులు. సోర్సు గొట్టానికున్న ధ్రువపత్రం గడువు తీరిపోయింది. మోసుకెళ్లే పెట్టెకు రెండు దేశాల అనుమతులూ చెల్లుబాటులో ఉండాలి. తీసుకునే దేశం సమ్మతి కావాలి. అన్నీ కుదిరాయనుకుంటే రేడియోధార్మిక సరుకును ఎక్కించుకోబోమని రెండు నౌకా సంస్థలు తిరస్కరించాయి. చట్టం అడ్డు చెప్పకపోయినా భయం అడ్డు చెబుతుంది. ఇది ప్రపంచమంతటా ఉన్న బాధే, ఐఏఈఏ దీని మీద విడిగా పనిచేస్తోంది.

మూడేళ్లకు పైగా పట్టింది. చివరికి దేశంలోని అణుశక్తి సంస్థకే అప్పగించాం. ఆ మూడేళ్లూ గదికి రెండు తాళాలు, కెమెరా, వారం వారం రీడింగు. తాళం పోలేదు. పోవాల్సిన వస్తువూ పోలేదు.

ఇప్పుడు విదేశీ సోర్సు దిగుమతికి అనుమతి కావాలంటే, వాడకం ముగిశాక వెనక్కి తీసుకుంటానన్న సరఫరాదారు హామీని ముందే చూపించాలి. ఆ ఒక్క వాక్యం అప్పుడే ఉండి ఉంటే నాకు మూడేళ్లు మిగిలేవి. విధానం అంటే నా దృష్టిలో ఇంత చిన్నది, ఇంత పెద్దది.

మా ఆసుపత్రిలో తప్పినది ఢిల్లీలో తప్పలేదు. 2010లో మాయాపురి పాత సామాను మార్కెట్‌లో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం రసాయనశాస్త్ర విభాగంలో 1985 నుంచి వాడకుండా పడి ఉన్న గామా ఇర్రేడియేటరును ఆ ఏడాది ఫిబ్రవరిలో వేలం వేశారు. ఏప్రిల్ నాటికి పాత ఇనుము కూలీలు దాన్ని విప్పేశారు, లోపల కోబాల్ట్ పెన్సిళ్లు, అంటే సన్నని కడ్డీలు, ఉన్నాయి. ఒకరు చనిపోయారు, మరో ఏడుగురు ఆసుపత్రి పాలయ్యారు. ఏ దొంగా ఏ తాళమూ పగలగొట్టలేదు. పద్ధతి ప్రకారం వేలం పాడి, డబ్బు కట్టించుకుని ఇచ్చారు. 1987లో బ్రెజిల్‌లోని గోయానియాలో కూడా ఇంతే. మూతపడ్డ క్లినిక్కులో వదిలేసిన సీజియం యంత్రాన్ని పాత సామాను కోసం విప్పారు. చీకట్లో నీలంగా మెరిసే పొడిని చూసి ముచ్చటపడి పంచుకున్నారు, ఒంటికి పూసుకున్నారు. నలుగురు చనిపోయారు, 249 మందికి పొడి అంటింది, లక్షకు పైగా జనాన్ని పరీక్షించాల్సి వచ్చింది.

గోయానియాలో అంత నష్టం జరగడానికి కారణం ఆ సీజియం ఉప్పులాంటి పొడి రూపంలో ఉండటం. అందుకే ఫ్రాన్స్, నార్వే, జపాన్ లాంటి దేశాలు రక్తనిధుల్లో సీజియం యంత్రాలను తీసేసి ఎక్స్‌రే యంత్రాలు పెట్టాయి. మన భాభా అణు పరిశోధన కేంద్రం వేరే దారి పట్టింది. అణు వ్యర్థాల నుంచి తీసిన సీజియాన్ని గాజులో కరిగించి పెన్సిళ్లుగా పోస్తుంది. గాజు పగిలితే ముక్కలవుతుంది గానీ పొడిలా గాలికి లేవదు, నీళ్లలో కరిగిపోదు. కాపలా పెంచకుండానే అపాయం తగ్గించే ఇలాంటి విధానమే నాకు అన్నింటికన్నా నచ్చుతుంది.

ఇక దౌత్యం పని చూడాలంటే నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది సెర్బియా.

బెల్‌గ్రేడ్ దగ్గర వించా అనే చోట ఒక పరిశోధనా రియాక్టరు ఉంది. 2002 నాటికి అక్కడ 48 కిలోల బాగా శుద్ధి చేసిన యురేనియం ఉంది, కొత్త ఇంధనం, చేత్తో ముట్టుకోగలిగినది. ఒకటి రెండు బాంబులకు సరిపోయేంత. సోవియట్ యూనియన్ ఇచ్చిన సరుకు అది. దాన్ని అక్కడి నుంచి తీసేయాలని అమెరికాకు తొందర. సెర్బియావారికి తొందర లేదు. వారి బాధ వేరు. అదే ఆవరణలో వాడేసిన ఇంధనం నీటి తొట్టెలో తుప్పు పడుతూ ఉంది. "మీకు కావాల్సింది తీసుకుపోయి మా చెత్త మాకు వదిలేస్తారా? అది శుభ్రం చేయడానికి డబ్బిస్తేనే ఇది ఇస్తాం" అన్నది వారి వాదన. న్యాయమే కదా. కానీ అలాంటి శుభ్రతకు ప్రభుత్వ సొమ్ము ఖర్చుపెట్టడానికి అమెరికా చట్టం అప్పట్లో ఒప్పుకోలేదు. బేరం అక్కడ ఆగిపోయింది.

న్యూక్లియర్ థ్రెట్ ఇనీషియేటివ్ అనే ప్రైవేటు సంస్థ 50 లక్షల డాలర్లు ఇస్తానని ముందుకొచ్చాక ముడి వీడింది. సెర్బియా ఒప్పుకుంది, రష్యా తన సరుకును తాను వెనక్కి తీసుకోవడానికి ఒప్పుకుంది, అమెరికా తరలింపు చూసుకుంది, ఐఏఈఏ లెక్కలు సరిచూసి ముద్రలు వేసింది. 2002 ఆగస్టు 22 తెల్లవారుజామున సైన్యం కాపలాతో లారీలు బెల్‌గ్రేడ్ విమానాశ్రయానికి వెళ్లాయి, అక్కడి నుంచి విమానం రష్యాలోని దిమిత్రోవ్‌గ్రాద్‌కు ఎగిరింది. తుపాకులు పనిచేసింది ఆ కొన్ని గంటలే. దాని ముందు నెలల తరబడి జరిగింది బేరం. తుప్పు పట్టిన ఇంధనం కూడా 2010 చివర్లో రష్యాకు వెళ్లింది, ఇచ్చిన మాట ఎనిమిదేళ్లకు నిలబడింది.

నార్వే చేసిన పని ఇంకా ముచ్చటైనది. ఆర్కిటిక్ తీరంలో కరెంటు తీగ వెళ్లని చోట్ల, ఓడలకు దారి చూపే దీపస్తంభాలకు సోవియట్‌లు స్ట్రాన్షియం-90తో నడిచే విద్యుత్ జనరేటర్లు పెట్టారు. దేశం కూలిపోయాక వాటిని పట్టించుకునేవారు లేరు. లోహం కోసం దొంగలు వచ్చి కవచాలు విప్పుకుపోయిన సంఘటనలూ జరిగాయి. పొరుగునున్న నార్వే ఫిర్యాదులు చేస్తూ కూర్చోకుండా డబ్బు తీసింది. 1990ల చివరి నుంచి వాయవ్య రష్యా తీరంలో దాదాపు 180 జనరేటర్లను తీయించి, వాటి స్థానంలో సౌర ఫలకాలు పెట్టించింది. దీపం ఆరకుండా సోర్సు పోవాలి, అది ముఖ్యం. "మీ వస్తువు ప్రమాదకరం, తీసేయండి" అంటే ఏ దేశమూ తీయదు. తీసేశాక ఆ పని ఎలా జరుగుతుందో కూడా చూపిస్తే తీస్తుంది.

అలా తీయని చోట ఏమైందో జార్జియా చూసింది. 2001 డిసెంబరులో లియా అనే ఊరి నుంచి ముగ్గురు మనుషులు కట్టెల కోసం ఎంగురి ఆనకట్ట దగ్గరి అడవికి వెళ్లారు. ఒకచోట నేల మీద మంచు కరిగిపోయి ఉంది, మధ్యలో రెండు లోహపు డబ్బాలు వేడిగా. రాత్రి చలికి వాటిని వీపు దగ్గర పెట్టుకుని పడుకున్నారు. కొన్ని గంటల్లోనే వాంతులు మొదలయ్యాయి. అవి సోవియట్ కాలం నాటి జనరేటర్ల నుంచి ఊడిన స్ట్రాన్షియం సోర్సులు. కొత్తగా పుట్టిన దేశం చేతికి వాటి చిట్టా రాలేదు, ఎక్కడ ఎన్ని ఉన్నాయో తెలిసినవారు లేరు. జార్జియా ఐఏఈఏ సాయం కోరింది. ఒకరిని రష్యాకు, మరొకరిని ఫ్రాన్స్‌కు చికిత్సకు పంపారు. ఫిబ్రవరిలో మంచులో సోర్సులను పెట్టెలోకి ఎత్తినప్పుడు ఒక్కో మనిషికి సెకన్ల లెక్కన సమయం ఇచ్చి వంతులవారీగా పని చేయించారు. రెండున్నరేళ్లకు బాధితుల్లో ఒకరు చనిపోయారు. అణు ప్రమాదాల్లో దేశాలు పరస్పరం సాయం చేసుకోవాలన్న ఒప్పందం 1986 నాటిది, చెర్నోబిల్ తర్వాత రాసుకున్నది. అది ముందే ఉండబట్టి ఎవరిని అడగాలో వెతుక్కునే పని ఆ రోజు తప్పింది.

చట్టబలం లేని నియమావళిని దేశాలు ఎందుకు పాటిస్తాయి? మీ ప్రశ్నలో గట్టి ముక్క ఇదే. నా అనుభవంలో జవాబు: కొనేవాడికి అవసరం కాబట్టి. బలమైన సోర్సులు తయారుచేసే దేశాలు ప్రపంచంలో కొన్నే. దిగుమతి చేసుకునే దేశంలో నియంత్రణ సంస్థ ఉందా, కొనేవాడికి లైసెన్సు ఉందా, మొదటి వర్గం సోర్సుకు ఆ ప్రభుత్వం సమ్మతి ఇచ్చిందా అని చూసుకున్నాకే సరుకు పంపాలని 2004 నాటి ఎగుమతి, దిగుమతి మార్గదర్శకాలు చెబుతాయి. క్యాన్సర్ రోగులు వరుసలో ఉన్న ఆసుపత్రికి సోర్సు రాకపోతే ఆ దేశంలో మంత్రి మీద ఒత్తిడి పడుతుంది. అలా నియంత్రణ సంస్థలే సరిగా లేని దేశాల్లో కూడా అవి పుట్టుకొచ్చాయి.

రెండో బెత్తం వాణిజ్యం. 2008లో ఫ్రాన్స్‌లో లిఫ్టు బటన్లలో కోబాల్ట్-60 బయటపడింది. వాటికి వాడిన ఉక్కు మన దేశం నుంచి వెళ్లింది. ఎక్కడో ఒక సోర్సు పాత ఇనుముతో కలిసి కొలిమిలోకి వెళ్లింది. అలాంటి కబురు వచ్చిన రోజున ఎగుమతిదారుడికి ఏ ఐక్యరాజ్యసమితి తీర్మానమూ గుర్తుచేయాల్సిన పని ఉండదు. కంటెయినరు వెనక్కి వస్తే వచ్చే నష్టం అతనికి తెలుసు. ఓడరేవుల్లో, ఉక్కు కర్మాగారాల గేట్ల దగ్గర రేడియేషన్ పసిగట్టే స్తంభాలు పెరగడానికి ఈ భయం కూడా ఒక కారణమని నా నమ్మకం.

చట్టబలం ఉన్నవీ లేకపోలేదు. 2004 నాటి భద్రతా మండలి 1540వ తీర్మానం ప్రతి దేశాన్నీ బంధిస్తుంది, మన దేశం 2005లో సామూహిక విధ్వంసక ఆయుధాల చట్టం చేసింది. అణు ఉగ్రవాద నిరోధక ఒప్పందం 2007లో అమల్లోకి వచ్చింది. పరీక్షకు ఇవి మీకు ఎలాగూ తెలిసి ఉంటాయి.

శిఖరాగ్ర సదస్సుల గురించి ఒక మాట. 2010 నుంచి 2016 దాకా వాషింగ్టన్, సియోల్, హేగ్, మళ్లీ వాషింగ్టన్‌లో నాలుగు జరిగాయి. ఫొటోల కోసమే అని నేనూ మొదట్లో నవ్వుకున్నాను. తర్వాత అర్థమైంది, వాటి ఉపయోగం గడువు పెట్టడంలో ఉంది. దేశాధినేత ఖాళీ చేతులతో వెళ్లకూడదు కదా. 2012 మార్చిలో సియోల్ సదస్సు తేదీ దగ్గరపడుతుంటే ఉక్రెయిన్ తన దగ్గరున్న బాగా శుద్ధి చేసిన యురేనియంలో చివరి విడతను పంపేసింది, మొత్తం 234 కిలోలు. మన దేశం హరియాణాలోని బహదూర్‌గఢ్ దగ్గర అణుశక్తి భాగస్వామ్యానికి ఒక అంతర్జాతీయ కేంద్రం పెడతామని 2010 సదస్సులోనే ప్రకటించింది. పెళ్లి ముహూర్తం పెట్టుకుంటే ఇంటికి సున్నం పడినట్టు.

పరిమితులూ చెప్పాలి. ఇదంతా పెద్ద దేశాల మధ్య మాటలు ఉన్నంత కాలమే సాగుతుంది. 2016 సదస్సుకు రష్యా రాలేదు. పాత సోవియట్ దేశాల నుంచి సరుకు తరలించిన అమెరికా, రష్యా సహకారం అప్పటికే చాలావరకు చచ్చిపోయింది. 2022 మార్చి నుంచి ఉక్రెయిన్‌లోని జపోరిజియా అణు విద్యుత్ కేంద్రం యుద్ధం మధ్యలో ఉంది. ఐఏఈఏ నిపుణులు ఆ ఏడాది సెప్టెంబరు నుంచి అక్కడ ఉంటున్నారు, చూసి చెప్పగలరు గానీ ఫిరంగిని ఆపలేరు. ఐఏఈఏ దొంగతనాలు, గల్లంతుల చిట్టాలో 1993 నుంచి నాలుగు వేలకు పైగా సంఘటనలు నమోదయ్యాయి. వాటిలో ఎక్కువ భాగం దురుద్దేశంతో జరిగినవి కావు, మా జీపు కథలాంటివే. ఆ చిట్టాకు దేశాలు తమంతట తాము చెబితేనే ఎక్కుతుంది. అందుకని ఎక్కువ సంఘటనలు చెప్పిన దేశాన్ని నిర్లక్ష్యపు దేశంగా రాయకండి, పరీక్ష పేపర్లో కూడా. చెప్పని దేశం గురించి నాకు ఎక్కువ భయం.

మీరు రేపు ఏదో జిల్లాలో అధికారిగా చేరతారు కాబట్టి ఒక పని చెబుతాను. మూతపడిన ఆసుపత్రి, దివాలా తీసిన ఫ్యాక్టరీ, పాత కళాశాల ప్రయోగశాల సామాను వేలానికి వచ్చినప్పుడు జాబితాను నమ్మి సంతకం పెట్టకండి. సామాను దగ్గరికి ఒకసారి మనిషిని పంపండి. పసుపు రంగు మీద మూడు రెక్కల రేడియేషన్ గుర్తు, లేదా ఆ గుర్తు పీకేసిన నాలుగు స్క్రూ రంధ్రాలు, సైజుకు మించిన బరువు, ఈ మూడింటిలో ఏది కనిపించినా వేలం ఆపి ఏఈఆర్‌బీకి కబురు చేయండి. రాత్రిపూట అయితే ముంబైలో అణుశక్తి శాఖ అత్యవసర కంట్రోల్ రూము 24 గంటలూ పనిచేస్తుంది. నేను చూసిన ఆ పదకొండో వరుసలో గుర్తు గురించి ఒక్క అక్షరం లేదు, రేకు ఎవరో ముందే ఊడదీసుకుపోయారు. స్క్రూ రంధ్రాలు మాత్రం ఉన్నాయి.